కాస్మిక్ సూపర్ హీరో కామిక్స్‌లో పతాక ఘట్టపు ప్రాణత్యాగం: రాయడం ఎలా?

పన్నెండు సంచికల పాటు నక్షత్రాలను పేల్చి, లోకాలను కూల్చి, చివరికి కథానాయకుడి ప్రాణం తీస్తే పాఠకుడి గొంతు పూడుకుపోవాలి. అలా కాకుండా అతడు ఆవలించి పేజీ తిప్పేస్తే లోపం ఎక్కడున్నట్టు? కొత్తగా రాసేవారు చాలామంది ఆ లోపాన్ని చావు జరిగే పేజీలోనే వెతికి, అక్కడ మాటలు పెంచి, కన్నీళ్లు పెంచి, మెరుపులు పెంచి చూస్తారు. నేను చూసినంతలో అది అక్కడ దొరకదు. నాలుగైదు సంచికల ముందు ఉండవలసిన ఒక చిన్న ప్యానెల్ (పేజీలోని ఒక బొమ్మ గడి) లేకపోవడంలో దొరుకుతుంది. ప్రాణత్యాగం కథలో ఒక బేరం. ఏమి ఇస్తున్నారు, దానికి బదులు ఏమి దక్కుతోంది, ఇంతకంటే చవకైన దారి ఎందుకు లేదు అన్న మూడు సంగతులు పాఠకుడికి ముందుగానే తెలిసి ఉంటే ఆఖరి పేజీలో రచయిత పెద్దగా చెమటోడ్చనక్కరలేదు.

ఈ మార్గదర్శిని కామిక్స్‌కు స్క్రిప్టు రాసేవారి కోసం, ముఖ్యంగా విశ్వమంతా రంగస్థలంగా ఉన్న ధారావాహికను తెలుగులో రాయాలనుకునే వారి కోసం రాస్తున్నాను. అమెరికన్ కామిక్స్‌లో ఈ ఘట్టం బాగా పండిన సందర్భాలనూ తేలిపోయిన సందర్భాలనూ చూపిస్తూ, వాటితో పాటు నేను అల్లిన ఒక చిన్న కథను చివరి దాకా వెంట తీసుకువెళతాను. ఆ కథలో నాయిక పేరు రోహిణి. కదిలే వస్తువును తాకితే దాని వేగాన్ని తనలోకి లాక్కుని ఆపేయగలదు. పన్నెండో సంచికలో ఒక మృతనక్షత్రం భూమి మీదికి వస్తుంది. దాన్ని ఆపాలి. ఇంతవరకూ చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు. అనిపించేలా చేయడమే మన పని.

మొదటి మెట్టు: పోవలసింది ఎవరో తేల్చుకోవడం

"ఎవరు చనిపోతే పాఠకులు ఎక్కువగా బాధపడతారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. "ఈ పని ఎవరు మాత్రమే చేయగలరు?" అని అడగండి. ఆ స్థానంలో మరొకరిని పెట్టినా కథ నడుస్తుందంటే మీరు తప్పు మనిషిని ఎంచుకున్నట్టే.

ఇందుకు నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది డీసీ సంస్థ 1985-86లో 12 సంచికలుగా వెలువరించిన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్'. రచన మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రాలు జార్జ్ పెరెజ్. సమాంతర విశ్వాలను ఒక్కొక్కటిగా మింగేస్తున్న యాంటీ మానిటర్ మిగిలిన భూములను కూడా తుడిచిపెట్టడానికి ఒక ప్రతిపదార్థ ఫిరంగిని సిద్ధం చేస్తాడు. ఎనిమిదో సంచికలో ఫ్లాష్ అయిన బ్యారీ ఆలెన్ దాని చుట్టూ అంతకంతకూ వేగంగా పరుగెత్తి, దాని శక్తిని దాని మీదికే తిప్పి, దాన్ని ధ్వంసం చేస్తాడు. ఆ వేగానికి అతడి శరీరం కరిగిపోయి, చివరికి ఖాళీ దుస్తులే మిగులుతాయి. సూపర్‌మ్యాన్ ఎంత బలవంతుడైనా ఆ పనికి బలం చాలదు, వేగమే కావాలి. 1956లో తొలిసారి కనిపించిన నాటి నుంచి బ్యారీ చేసిందల్లా పరుగెత్తడమే. మూడు దశాబ్దాల పాటు అతడిని నిలబెట్టిన గుణమే అతడిని తీసుకుపోయింది. మీ పాత్ర చావు కూడా దాని శక్తి లోపలి నుంచే పుట్టాలి. బయటి నుంచి ఒక బాంబు వచ్చి మీద పడకూడదు.

రెండవ మెట్టు: తలుపులన్నీ మూయడం

అసలు శ్రమంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకండి. వీధి రౌడీలతో పోరాడే కథలో నాయకుడికి దారులు తక్కువ. కాస్మిక్ కథలో కాలంలో వెనక్కి వెళ్లేవాడు ఒకడుంటాడు, చనిపోయినవారిని లేపే రాయి ఒకటుంటుంది, కనురెప్ప పాటులో గెలాక్సీ దాటించే ద్వారం ఇంకొకటి ఉంటుంది. మూడో సంచికలో ముచ్చటపడి మీరే ఇచ్చిన ప్రతి శక్తీ పన్నెండో సంచికలో అప్పులవాడిలా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది: "నన్నెందుకు వాడలేదు?"

నేను పాటించే పద్ధతి ఇది. ఒక తెల్ల కాగితం తీసుకుని కథలో ఇప్పటిదాకా కనిపించిన శక్తులు, ఆయుధాలు, మిత్రులు, ఓడలు అన్నిటినీ ఒక వరుసలో రాస్తాను. ఒక్కొక్కదాని ఎదురుగా అది ఈ ఘట్టంలో ఎందుకు పనికిరాదో ఒక వాక్యంలో రాస్తాను. తర్వాత, ఆ కారణం పాఠకుడికి ఏ సంచికలో, ఏ పేజీలో తెలిసిందో పక్కనే అంకె వేస్తాను. అంకె వేయలేని చోట రంధ్రం ఉన్నట్టు లెక్క. కారణం పతాక ఘట్టానికి కనీసం రెండు సంచికల ముందు తెలియాలని నా నియమం. అదే సంచికలో చెబితే అది కారణంలా కాక సాకులా వినిపిస్తుంది.

తలుపు మూసి ఉందని పాత్రల చేత చెప్పించడం కంటే, పాఠకుడి కళ్లెదుట ఆ తలుపును నెట్టించి, అది తెరుచుకోకపోవడాన్ని చూపించడం మేలు. ఎక్స్‌-మెన్ కథల్లో 1980లో వచ్చిన డార్క్ ఫీనిక్స్ ఉదంతం దీనికి మంచి పాఠం. ఫీనిక్స్ అనే విశ్వశక్తి తలకెక్కిన ఎక్స్‌-మెన్ వీరనారి జీన్ గ్రే ఒక నక్షత్రాన్ని మింగేయడంతో దాని చుట్టూ తిరిగే గ్రహం మీది దాదాపు 500 కోట్ల ప్రాణాలు పోతాయి. 136వ సంచికలో వాళ్ల గురువు ప్రొఫెసర్ జేవియర్ ఆమె మనసులో అడ్డుకట్టలు వేసి, ఆ శక్తిని లోపల బంధిస్తాడు. పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. దారి దొరికింది అనుకుంటాడు. 137లో చంద్రుడి మీద గ్రహాంతర షియార్ సామ్రాజ్య రక్షక దళంతో ద్వంద్వయుద్ధం జరుగుతుంది. ఎక్స్‌-మెన్ ఒక్కొక్కరే నేలకొరుగుతుంటే ఆ ఒత్తిడికి అడ్డుకట్టలు తెగిపోతాయి. అంటే రెండు తలుపులూ మన ఎదుటే మూసుకుపోయాయి. తనను తాను పట్టి ఉంచుకోగలిగిన ఆ కొద్ది క్షణాల్లో ఆమె అక్కడి ఒక పురాతన ఆయుధం ముందు నిలబడి తన ప్రాణాన్ని తానే తీసుకుంటుంది.

ఆ ముగింపు వెనుక జరిగిన కథ కూడా మనకు పనికొస్తుంది. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ మొదట సిద్ధం చేసిన ముగింపులో జీన్ చనిపోదు; శక్తులు మాత్రం తొలగించబడి బతుకుతుంది. అన్ని కోట్ల ప్రాణాలు తీసిన పాత్ర అంత తేలిగ్గా బయటపడకూడదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ అభ్యంతరం చెప్పడంతో ముగింపు మారింది. పాత ముగింపును 1984లో విడిగా ప్రచురించారు కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే అవకాశం ఉంది. సంపాదకులు చెప్పిందల్లా వేదం కాదు గానీ ఆ సందర్భంలో షూటర్ మాటే సరైనదని నా అభిప్రాయం. కథ అప్పటికే ఒక పెద్ద అప్పు చేసింది. పాత ముగింపులో దాన్ని ఎవరూ తీర్చడం లేదు.

మూడవ మెట్టు: ధరను వాయిదాల్లో చెల్లించడం

చివరి రోజున ఒక్కసారిగా ప్రాణం అడిగితే పాఠకుడు నమ్మడు. మొదటి సంచిక నుంచే కొద్దికొద్దిగా వసూలు చేస్తూ రండి.

రోహిణి విషయంలో నేను ఏం చేశానో దగ్గరగా చూపిస్తాను. మొదటి సంచికలో ఆమె ఊరి మీద పడబోయే ఒక ఉల్కను చేత్తో ఆపుతుంది. జనం కేకలు, చప్పట్లు. తర్వాతి పేజీలో, అంటే తొమ్మిదో పేజీలో, ఇంటి వంటగది. తమ్ముడు స్టీలు గ్లాసులో టీ పోసి ఇస్తాడు. ఆమె గ్లాసు పట్టుకున్నప్పుడు నాలుగు వేళ్లు మడతపడతాయి గానీ చిటికెన వేలు నిటారుగా నిలిచిపోతుంది. తమ్ముడు నవ్వుతాడు: "ఏంటక్కా, దొరసాని ఫోజు?" ఆమె కూడా నవ్వేస్తుంది. అంతే, వివరణ లేదు. అయిదో సంచికలో కూలుతున్న అంతరిక్ష కేంద్రాన్ని ఆపిన తర్వాత ఎడమ చేయి మణికట్టు దాకా బిగుసుకుపోతుంది. జడ తమ్ముడే వేస్తాడు, వంకరగా. ఎనిమిదో సంచికలో ఆమె మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. ఆమె లాక్కున్న వేగానికి బదులుగా తన శరీరంలోని కదలికను ఇచ్చేస్తోందని పదో సంచికలో ఒక వైద్యురాలు పైకి చెప్పేనాటికి, పాఠకుడికి ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. పన్నెండో సంచికలో నక్షత్రం వస్తుంది. దాన్ని ఆపడానికి ఎంత ఇవ్వాలో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేదు.

క్రైసిస్‌లో కూడా ఇలాంటి వాయిదా ఒకటుంది. బ్యారీ చనిపోయేది ఎనిమిదో సంచికలోనైనా, రెండో సంచికలోనే అతడు బ్యాట్‌మ్యాన్ ఎదుట మినుకుమినుకుమంటూ, చిక్కి శల్యమైన రూపంలో క్షణకాలం కనిపించి మాయమవుతాడు. కాలంలో వెనక్కి పరుగెత్తుతున్న ఆ మనిషి తన చావు నుంచే మనకు ముందుగా కనిపించాడని తర్వాత గాని అర్థం కాదు.

వాయిదాల విషయంలో ఒక జాగ్రత్త: ఏ వాయిదా కూడా తర్వాతి సంచికలో నయమైపోకూడదు. ఒక్కసారి నయమైతే, పాఠకుడు చావు కూడా నయమవుతుందనే అనుకుంటాడు.

నాలుగవ మెట్టు: విశ్వాన్ని చేతికందే దూరానికి తేవడం

లక్ష కోట్ల ప్రాణాలు అన్న మాటకు మనసు స్పందించదు. అది అంకె. ఆపదలో ఉన్న విశ్వానికి ప్రతినిధిగా ఒక్క ముఖాన్ని ఎంచుకోండి, ఆ ముఖం పతాక ఘట్టంలో అక్కడే ఉండాలి. రోహిణి కథలో ఆ ముఖం తమ్ముడిది. ప్రపంచ నాయకులు తెర మీద ఆందోళన పడే ప్యానెళ్లు, వివిధ నగరాల్లో జనం ఆకాశం వంక చూసే ప్యానెళ్లు ఒక పేజీకి మించి వద్దు. అవి అందరూ వేసేవే.

అయిదవ మెట్టు: త్యాగమా, బలియా?

తనంతట తాను ఇస్తే త్యాగం, ఇంకొకరు ఇస్తే బలి. తెలుగులో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉండటం మన అదృష్టం. స్క్రిప్టు రాసేటప్పుడు ఏది రాస్తున్నామో తెలిసి రాయాలి.

ద్రోణపర్వంలో ఘటోత్కచుడి మరణం దీనికి గట్టి ఉదాహరణ. ఇంద్రుడు ఇచ్చిన శక్తి ఆయుధం కర్ణుడి దగ్గర ఉంది, ఒక్కసారే వాడవచ్చు, దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఈ మూడు సంగతులూ మనకు ముందే తెలుసు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి ధాటికి కౌరవసేన తట్టుకోలేక కర్ణుడిని బతిమాలుకుంటే, అతడు దాన్ని ఘటోత్కచుడి మీద వేసేస్తాడు. పడిపోతూ కూడా ఘటోత్కచుడు తన శరీరాన్ని పెంచి శత్రుసేన మీద కూలి, ఒక అక్షౌహిణిని నలిపేస్తాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. కథానిర్మాణపరంగా ఇంత పకడ్బందీ ఘట్టం అరుదు. కానీ ఆ మరణం అతడు చేసిన త్యాగమా, కృష్ణుడు లెక్క కట్టి ఇచ్చిన బలియా అన్న ముల్లు పాఠకుడిలో గుచ్చుకునే ఉంటుంది.

1991లో 6 సంచికలుగా వచ్చిన 'ఇన్ఫినిటీ గాంట్లెట్' నాలుగో సంచికలోనూ ఇదే ముల్లు ఉంది. అపార శక్తినిచ్చే తొడుగును చేతికి వేసుకున్న ఖలనాయకుడు థానోస్ మీదికి దండెత్తిన వీరులు వరుసగా నేలకూలుతారు. చివరికి కెప్టెన్ అమెరికా ఒక్కడే అతడి ఎదుట నిలబడతాడు. నిజానికి వ్యూహం పన్నిన ఆడమ్ వార్లాక్ వాళ్లందరినీ పంపింది థానోస్ దృష్టి మళ్లించడానికే. ఆ సందులో సిల్వర్ సర్ఫర్ దూసుకొచ్చి చేతి నుంచి ఆ తొడుగును లాగేసుకోవాలి. వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. అంతమంది ఇచ్చిన దానికి ఏమీ దక్కలేదు. ఆ ప్యానెల్ కలిగించే దిగులు వేరే రకం, దాన్ని కావాలనే వాడుకోవచ్చు. వీరత్యాగం రాయాలనుకుని, అనుకోకుండా ఇది రాసేస్తేనే చిక్కు.

త్యాగమే మీ ఉద్దేశమైతే వెనక్కి వెళ్లే అవకాశాన్ని పాత్రకు ఇవ్వండి. ఆ అవకాశం నిజమైనదై ఉండాలి. 'క్రైసిస్' ఏడో సంచికలో సూపర్ గర్ల్ మరణాన్ని చూడండి. ప్రాణాపాయంలో ఉన్న సూపర్‌మ్యాన్‌ను కాపాడటానికి ఆమె యాంటీ మానిటర్ మీదికి దూకి, అతడిని చిత్తుగా కొడుతూ ఉంటుంది. అప్పుడు పక్కనే ఉన్న డాక్టర్ లైట్ అనే వీరనారిని అక్కడి నుంచి తప్పించుకోమని హెచ్చరించడానికి ఒక్క క్షణం తల తిప్పుతుంది. ఆ క్షణంలోనే దెబ్బ తగులుతుంది. గెలుస్తున్న మనిషి, తన గెలుపు కంటే పక్కవారి క్షేమాన్ని ముందు పెట్టుకోవడం వల్ల పోయింది. ఆ తల తిప్పడమే ఎంపిక.

అదే సంచిక ముఖచిత్రం గురించి ఒక పక్కమాట. ఆమె దేహాన్ని చేతుల్లో ఎత్తుకుని సూపర్‌మ్యాన్ రోదిస్తున్న ఆ బొమ్మ కామిక్స్ చరిత్రలో బాగా ప్రసిద్ధి పొందింది. గొప్ప బొమ్మే. కానీ చనిపోయింది ఆమె, మనం చూసేది అతడి ముఖం. స్త్రీ పాత్రను చంపి పురుష పాత్ర దుఃఖాన్ని కథగా మార్చే అలవాటు సూపర్ హీరో కథల్లో ఎక్కువే. మీ ఘట్టంలో ఆఖరి పెద్ద ప్యానెల్ ఎవరి ముఖానికి ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి.

ఆరవ మెట్టు: పేజీల మీద పరచడం

పుస్తకంగా అచ్చయ్యే కామిక్‌లో బేసి అంకె పేజీలు కుడివైపు, సరి అంకె పేజీలు ఎడమవైపు వస్తాయి. పాఠకుడు ఆకు తిప్పేది బేసి పేజీ చివర. కాబట్టి నిర్ణయం బేసి పేజీ అడుగున, ఫలితం సరి పేజీ మొదట ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే మీ స్ప్లాష్ పేజీని (పేజీ అంతా నిండిన ఒకే బొమ్మను) పాఠకుడు ఓరకంటితో ముందే చూసేస్తాడు. ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుతూ చదివే కామిక్‌కు ఆకు ఉండదు. అక్కడ రెండు ప్యానెళ్ల మధ్య పొడవైన ఖాళీ వదలడమే ఆకు తిప్పడం.

వేగాన్ని ప్యానెళ్ల సంఖ్యతో నడపవచ్చు. 1992లో సూపర్‌మ్యాన్ మరణాన్ని చెప్పినప్పుడు డీసీ వారు ఒక చక్కని పథకం వేశారు: చివరి నాలుగు భాగాల్లో మొదటిదానిలో పేజీకి నాలుగు ప్యానెళ్లు, తర్వాతిదానిలో మూడు, ఆపైన రెండు, చివరి సంచికలో పేజీకి ఒక్కటే. పాఠకుడు లెక్కపెట్టకపోయినా కిందికి దిగిపోతున్నట్టు అతడికి తెలుస్తుంది.

రోహిణి ఆఖరి ఘట్టానికి నేను 22 పేజీల సంచికలో ఏడు పేజీలు కేటాయించాను. 13వ పేజీలో ఆరు ప్యానెళ్లు: ఓడ తలుపు దగ్గర అక్కాతమ్ముళ్లు. తనూ వస్తానని తమ్ముడు పట్టుపడతాడు. ఆమె ఒప్పుకోదు. చివరి ప్యానెల్‌లో ఆమె చేయి తలుపు బిగించే పిడి మీద ఉంటుంది. మూడు వేళ్లు కదలవు, బొటనవేలితోనే నొక్కాలి. ఆకు తిప్పితే 14, 15 పేజీలు కలిసి ఒకే బొమ్మ: నల్లని నక్షత్రం, దాని ముందు ఆవగింజంత మనిషి. 16లో నాలుగు ప్యానెళ్లు, నాలుగూ ఆమె శరీర భాగాలే: పాదం, మోకాలు, భుజం, మెడ. ఒక్కొక్కటిగా బిగుసుకుంటాయి. 17లో రెండు: నక్షత్రం ఉపరితలం మీద ఆమె అరచేయి; కన్ను. 18లో ఒకే ఒక్కటి: అంతా ఆగిపోయి ఉంది. శబ్దసూచికలు లేవు, మాటలు లేవు. 19లో ఓడ కిటికీ వెనుక తమ్ముడి ముఖం, కింద మూడు చిన్న ప్యానెళ్లలో అదే ముఖం, మార్పు లేకుండా.

చిత్రకారుడికి ఇచ్చే స్క్రిప్టులో "గుండెలు పిండేసేలా వేయండి" అని రాయకండి. దానితో అతడు ఏం గీయాలి? "చిటికెన వేలు నిటారుగా, వెనుక వెలుతురు, వేలి నీడ అరచేతి మీద" అని రాస్తే గీయగలడు.

తెలుగు లెటరింగ్ గురించి, అంటే బొమ్మల్లో మాటలను రాసే పని గురించి రెండు మాటలు. గుడింతం గుర్తులు అక్షరం పైకి, వత్తులు కిందికి వెళ్లడం వల్ల మన లిపికి వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు కామిక్ బెలూన్ (మాటల బుడగ) కొలతలనే పెట్టుకుంటే పై వరుస వత్తు కింది వరుస గుడితో ఢీకొంటుంది. పైగా మన పదాలు పొడవు. "ఆపలేకపోతున్నాననుకుంటున్నావా" లాంటి మాటను ఇరుకు బెలూన్‌లో విరగ్గొట్టి రెండు వరుసల్లో వేస్తే పాఠకుడు ఏడవవలసిన చోట కూడబలుక్కుంటాడు. అందుకే ఈ పేజీల్లో చిన్న క్రియలు, చిన్న పదాలు వాడండి. బెలూన్‌కు రెండు వరుసలు చాలు.

ఏడవ మెట్టు: ఆఖరి మాటలు

మన సినిమాల్లో గుండెకు తూటా తగిలినవాడు కూడా ఆస్తి పంపకాలు, చెల్లెలి పెళ్లి, ఊరి భవిష్యత్తు అన్నీ మాట్లాడి గాని కన్నుమూయడు. తెర మీద నటుడి గొంతు దాన్ని మోయవచ్చు. కాగితం మోయలేదు. నేను మొదటిసారి ఇలాంటి ఘట్టం రాసినప్పుడు నాయకుడి చేత పదకొండు బెలూన్లు పలికించాను. చదివిన మిత్రుడొకడు, "ఇంత మాట్లాడే ఓపిక ఉన్నవాడు లేచి నడిచి రావచ్చుగా" అన్నాడు. పదకొండిటిలో పది కొట్టేశాను.

మిగిల్చే ఆ ఒక్క మాట ఇద్దరి మధ్య ముందే చలామణిలో ఉన్న మాటైతే మంచిది. లోకం కోసమో న్యాయం కోసమో అని మొదలయ్యే వాక్యాలు ఎవరి నోటికైనా సరిపోతాయి కాబట్టి ఎవరివీ కావు. రోహిణి తలుపు బిగించే ముందు తమ్ముడు "ఎప్పుడొస్తావు?" అని అడుగుతాడు. ఆమె, "టీ పెట్టి ఉంచు" అంటుంది. అతడికి అర్థమవుతుంది. ఆమెకూ తెలుసు అతడికి అర్థమైందని.

ఎనిమిదవ మెట్టు: పోయిన తర్వాత

నక్షత్రం ఆగిన వెంటనే "సమాప్తం" వేయకండి. చావు బరువు తెలిసేది ఆ తర్వాతి మామూలు రోజున. విగ్రహావిష్కరణలు, వానలో గొడుగులు పట్టుకున్న వీరుల వరుస వంటి దృశ్యాలు ఎంత కళాత్మకంగా వేసినా పాఠకుడు వాటిని వంద సార్లు చూశాడు. ఆమె ఉండవలసిన చోట ఆమె లేకపోవడం చూపించండి.

కథాలోకంలో కూడా ఏదో ఒకటి మారాలి. బ్యారీ పోయాక, అతడి భార్య ఐరిస్ మేనల్లుడైన వాలీ వెస్ట్, అప్పటివరకు కిడ్ ఫ్లాష్‌గా ఉన్నవాడు, ఫ్లాష్ వేషాన్ని స్వీకరించాడు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు పైగా ప్రధానంగా అతడే ఫ్లాష్. చాలామంది పాఠకులకు అసలు ఫ్లాష్ అంటే అతడే. సూపర్ గర్ల్ విషయంలో సంస్థ ఇందుకు విరుద్ధంగా నడిచింది. విశ్వాలన్నీ ఒక్కటిగా కలిసి చరిత్ర తిరగరాయబడటంతో ఆమె ఉన్నట్టు కూడా ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. ఆమె ఎవరికోసం ప్రాణమిచ్చిందో ఆ సూపర్‌మ్యాన్‌కే ఆమె తెలియదు. వ్యాపార కారణాలు ఏవైనా, ఇంతకంటే క్రూరమైన ముగింపు ఎవరైనా కావాలని రాసినా కుదరదేమో.

తొమ్మిదవ మెట్టు: తిరిగి రావడం గురించి ముందే తేల్చుకోవడం

సూపర్ హీరో కథల్లో పోయినవారు తిరిగి వస్తారని చదివేవారందరికీ తెలుసు. జీన్ గ్రే 1986లో వచ్చింది, బ్యారీ 2008లో. ఇన్ఫినిటీ గాంట్లెట్‌లో పోయినవారు రెండు సంచికలు తిరగకుండానే లేచి కూర్చున్నారు, ఎందుకంటే గడిచిన ఇరవై నాలుగు గంటలనే వెనక్కి తిప్పేశారు. ఈ తెలివిడితోనే పాఠకుడు మీ పుస్తకం తెరుస్తాడు కాబట్టి, తెలియనట్టు నటించి లాభం లేదు.

తిరిగి తెచ్చే పద్ధతిని బట్టి పాత త్యాగం నిలుస్తుందా చెడుతుందా అన్నది తేలుతుంది. జీన్‌ను తేవడానికి, చంద్రుడి మీద చనిపోయింది అసలు జీన్ కాదని, ఫీనిక్స్ శక్తి ఆమె రూపం ధరించిందని, ఆమె అసలు శరీరం న్యూయార్క్ జమైకా బే అడుగున సురక్షితంగా ఉందని చెప్పారు. దానితో ఆమె చేసిన నేరమూ పోయింది, చేసిన త్యాగమూ పోయింది. ఆ ఏర్పాటు నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. బ్యారీ రాకకు ఇరవై మూడేళ్లు పట్టడం వల్ల, ఆ మధ్యకాలంలో వాలీ పెరిగి పెద్దవాడు కావడం వల్ల, ఆ త్యాగం అంతగా చెడలేదు. ఎప్పటికైనా రోహిణిని తీసుకురావాలనుకుంటే తీసుకురండి. కానీ ఆగిపోయింది ఆమె కాదని మాత్రం చెప్పకండి. వచ్చినా ఆ చిటికెన వేలు మడతపడకూడదు.

ఇంకొకటి. త్యాగం జరిగే సంచికలోనే తిరిగివచ్చే సూచన పెట్టకండి. సమాధి మీద మెరిసే రాయి, చివరి ప్యానెల్‌లో కదిలే వేలు వంటివి పెడితే, 18 పేజీల్లో కూడబెట్టినదంతా ఒక్క ప్యానెల్‌లో తిరిగి ఇచ్చేసినట్టే.

పదవ మెట్టు: పరీక్షించడం

పెన్సిల్ బొమ్మలు పూర్తయ్యాక, బెలూన్లు పెట్టకముందే, ఆ ఏడు పేజీలను కథ మొదటి నుంచి చదువుతూ వస్తున్న ఒకరికి ఇవ్వండి. మాటలు లేకుండా ఏం జరిగిందో వాళ్లకు అర్థం కావాలి. చదివాక ఏమనిపించిందని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. వాళ్లు వేసే ప్రశ్నలు రాసుకోండి. "ఆ కాలయాత్రికుడిని పిలవచ్చు కదా?" అంటే రెండవ మెట్టు దగ్గరికి వెళ్లి కాగితం మీద ఖాళీగా ఉన్న అంకె వెతకండి. "ఆమెకు ఇష్టమేనా, లేక పంపించారా?" అంటే అయిదవ మెట్టు.

రోహిణి సంచికను నేను అలా చివరి దాకా ఇచ్చాను. దాని చివరి పేజీ వంటగదిలో ముగుస్తుంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. తమ్ముడు రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ గూట్లో పెట్టేసి, మిగిలినదాన్ని పట్టుకుంటాడు. చిటికెన వేలిని కావాలనే నిటారుగా నిలిపి. చదివిన అమ్మాయి ఏమీ అనలేదు. బొత్తిలోంచి మొదటి సంచిక వెతికి తీసి, తొమ్మిదో పేజీ తెరిచింది.